మద్రాస్–33కి అమ్మమ్మ పార్సెలు

అమ్మ సంవత్సరీకం అయిపోయి, వచ్చిన చుట్టాలందరూ ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళాక, అటక మీది ట్రంకు పెట్టె దింపించాను. అమ్మా నాన్నా వెస్ట్ మాంబళంలో కాపురం పెట్టిన నాటి పెట్టె అది. మూత తీయగానే కలరా ఉండల ఘాటు ముక్కుకు కొట్టింది. ఆ ఘాటు కాస్త సర్దుకున్నాక అడుగు నుంచి ఇంకో వాసన మెల్లగా పైకి వచ్చింది. నువ్వుల నూనె, ఆవపిండి, వాటి వెనక ఎక్కడో కాఫీ పొడి. చీరల కింద మడతలు పెట్టిన మార్కిన్ గుడ్డలు కనిపించాయి. లెక్కపెడితే పదకొండు. వాటి మధ్య ఒక దబ్బనం, దాని బెజ్జంలో ఇంకా రెండు జానల పురికొస.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అవి అమ్మమ్మ పార్సెళ్ళ గుడ్డలు.

అమ్మమ్మది తెనాలికి ఆవల ఒక పల్లె. మేము మద్రాసులో. మధ్యలో ఒక రాత్రి రైలు ప్రయాణం. పండగకో పబ్బానికో తప్ప రాకపోకలు కుదిరేవి కావు. ఆ రెండు ఇళ్ళ మధ్య నెలకోసారి తిరిగినవి ఈ గుడ్డలే. పార్సెలు వస్తే అమ్మ దాని కుట్లను కత్తెరతో కోసేది కాదు. దబ్బనం మొనతో ఒక్కొక్క కుట్టూ పైకి లేపి, పురికొస తెగకుండా లాగి, ఉండ చుట్టి దాచేది. గుడ్డను కుంకుడు రసంలో నానబెట్టి, ఉతికి, ఆరవేసి, తిరగేసి కుట్టి అదే గుడ్డలో అమ్మమ్మకు తిరుగు పార్సెలు పంపేది. అందుకే ప్రతి గుడ్డకూ ఒకవైపు మా చిరునామా, ఇంకోవైపు అమ్మమ్మ చిరునామా ఉంటాయి. మా చిరునామా ఆ ఊరి బడి మాస్టారు రాసినది, ఒత్తి రాసిన పొడుగాటి ఇంగ్లీషు అక్షరాలు. అమ్మమ్మ చిరునామా నాన్న రాసినది. లక్క ముద్రలు ఎప్పుడో రాలిపోయినా, అవి ఉన్నచోట నూలు గట్టిపడి గోధుమరంగు మచ్చలు మిగిలాయి.

గుడ్డల మీద తేదీలు లేవు. అయినా ఏది ముందుదో ఏది తరువాతదో తెలుస్తుంది. పాతవాటి మీద ‘మద్రాస్–33’ అని మాత్రమే ఉంది. మా పేటకు అప్పట్లో అదే నంబరు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. మా నాన్న ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టరు. రాత్రంతా నిలబడి ఉత్తరాలను ఊళ్ళవారీగా గళ్ళలో వేసే ఉద్యోగం. పిన్‌కోడు వచ్చినప్పుడు ఇంట్లో పండగ వచ్చినంత సంబరపడ్డాడు. మాస్టారికి ప్రత్యేకంగా కార్డు రాశాడు, ఇకమీదట 600 033 అని వేయమని, ఆరు అంకెలూ విడివిడిగా రాయమని. అలా అంకెలున్న గుడ్డలు ఆ తరువాతివి. ముప్పై మూడు మాత్రం అలాగే చివర నిలిచింది.

*

పార్సెలు వచ్చిన రోజు మా ఇంట్లో ఎలా ఉండేదో చెప్పాలి. పోస్ట్‌మన్ సైకిలు గంట కింద వీధిలోనే గుర్తుపట్టేవాళ్ళం. ఉత్తరానికైతే ఒకసారి కొట్టేవాడు, పార్సెలుకు ఆపకుండా కొట్టేవాడు. మెట్లు దిగి పరుగెత్తేది నేను, నా వెనక తమ్ముడు. సంతకం పెట్టేది అమ్మ. పార్సెలును చాప మీద పెట్టి, చుట్టూ కూర్చుని, అమ్మ కుట్లు విప్పుతుంటే ఆ కాసేపు ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. పురికొస మార్కిన్ గుడ్డలో నుంచి జారుతూ చేసే సన్నని చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

లోపల డాల్డా డబ్బా. డబ్బా మూత చుట్టూ కరిగించి పోసిన కొవ్వొత్తి మైనం. దాన్ని చాకుతో గీకి మూత పైకి లేపితే, మూడు రోజులుగా లోపల ముడుచుకుని ఉన్న అమ్మమ్మ వంటిల్లు ఒక్కసారిగా మా వరండాలోకి వచ్చేది. మొదట దేవుడి దగ్గర పెట్టడం, తరువాత కింది వాటాలోని తమిళ మామికి ఒక గిన్నెలో పంపడం, ఆ తరువాతే మాకు. మామి గిన్నెను ఖాళీగా తిరిగి ఇచ్చిన గుర్తు లేదు. ఎండబెట్టిన నార్తంగాయ (దబ్బకాయ) ముక్కలో, వడియాలో వేసి ఇచ్చేది. అమ్మ వాటిలో కొన్ని అమ్మమ్మకు పంపేది. అమ్మమ్మా మామీ ఒకరినొకరు చూసుకున్నది రెండే సార్లు. ఒకరి చేతివంట మరొకరు తిన్నది ఇరవై ఏళ్ళు.

*

చిన్నప్పుడు నాకు అర్థం కాని సంగతి ఒకటుండేది. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊరికి వెళ్తే, అక్కడ తినే సున్నుండలు వేరుగా ఉండేవి, మద్రాసుకు వచ్చే సున్నుండలు వేరుగా ఉండేవి. బొబ్బట్లూ అంతే. ఒకసారి పార్సెలు కోసం చేస్తున్న వాటిలో నుంచి ఒకటి తీసుకుని కొరికాను. గట్టిగా ఉంది, తీపి మరీ ముదిరి ఉంది. ‘బాగా లేదు అమ్మమ్మా’ అన్నాను. ఆమె నా చేతిలో నుంచి దాన్ని తీసుకుని మళ్ళీ పళ్ళెంలో పెట్టి, ‘ఇవి ఈ రోజువి కావే తల్లీ, గురువారం నాటివి’ అంది. ఆ రోజు సోమవారం.

అమ్మమ్మ పార్సెలుకు వండేటప్పుడు చేసే రోజును బట్టి వండేది కాదు, అది మాకు చేరే రోజును బట్టి వండేది. ఇప్పుడు పొయ్యి ముందు నిలబడినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది. బొబ్బట్లు మామూలుగా రెండో రోజుకే జిగురు వస్తాయి. పార్సెలుకైతే పూర్ణాన్ని బెల్లంతో ఉడికాక మళ్ళీ పొయ్యి మీద పెట్టి, గరిటె నిలబడేంత బిర్రుగా అయ్యేదాకా కలియబెట్టేది. పూర్ణంలో పచ్చికొబ్బరి పడనిచ్చేది కాదు. పెనం మీద నెయ్యి తగ్గించి రెండు వైపులా మచ్చలు పడేదాకా కాల్చేది. కాల్చినవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా రాత్రంతా పాత ధోవతి మీద విడివిడిగా పరిచి ఉంచేది. వేడి మీద డబ్బాలో పెడితే ఆవిరి పడుతుందని, ఆ చెమ్మే బూజుకు మొదలని ఆమెకు తెలుసు. సున్నుండలకు మినుములను ఎర్రగా, మాడుకు ఒక్క అడుగు ఇవతల దాకా వేయించి తిరగలిలో విసిరేది. ఎండాకాలం నెయ్యి తగ్గించేది, చలికాలం పెంచేది. కజ్జికాయలకు ఎండుకొబ్బరే. గోంగూరను కడిగాక ఆకుకు చుక్క నీరు లేకుండా నీడన ఆరబెట్టి, నూనె పైకి తేలేదాకా మగ్గబెట్టేది. ఉప్పు, కారం రెండూ ఒక పాలు ఎక్కువ. ‘దారిలో కొంత పోతుంది’ అనేది. ఎక్కడికి పోతుందో నాకు తెలిసేది కాదు కానీ మద్రాసులో తినేటప్పుడు సరిగ్గానే ఉండేది.

వీటన్నిటిలోకీ ఆవకాయ లెక్క ఇంకా బాగుండేది. ఆవకాయ కలిపిన మూడో నాడు జాడీ మూత తీసి తిరగ కలపాలి కదా. అప్పటికి ముక్క నుంచి ఊట దిగి, పిండి నాని, నూనె పైకి వస్తుంది. ఉప్పు చాలిందో లేదో ఆ రోజే తెలుస్తుంది. అమ్మమ్మ కలిపిన రోజే డబ్బాకెత్తి, పాలేరు చేత బస్సులో తెనాలికి పంపేది. మూడో రోజుకు అది మద్రాసు చేరేది. అంటే మొదటి రెండు రోజుల ఊరడం రైల్లో అయ్యేది, తిరగ కలపడం మా ఇంట్లో అయ్యేది. డబ్బాతో పాటు వేరే కార్డు వచ్చేది, మాస్టారి చేతి రాతతో, అమ్మమ్మ మాటలతో: ‘అమ్మాయికి ఆశీస్సులు. అందిన రోజునే తడి లేని గరిటెతో అడుగు నుంచి కలుపు. ఉప్పు చూడు. చాలకపోతే వేయించిన ఉప్పు పిడికెడు వెయ్యి.’ ఒక జాడీ ఆవకాయకు తల్లి చెయ్యీ కూతురి చెయ్యీ రెండూ పడేవి. మామిడిపళ్ళ బుట్టలు వచ్చినప్పుడూ అంతే. ఇంకా కాస్త పచ్చిదనం ఉండగానే కోసి, వరిగడ్డిలో పొదిగి రైల్వే పార్సెల్లో వేస్తే, దారిలో మాగి ఇక్కడికి పండ్లై దిగేవి.

*

ఒకసారి మాగాయ డబ్బా దారిలో కారింది.

ఆ రోజు పార్సెలును పోస్ట్‌మన్ తేలేదు. పొద్దున డ్యూటీ దిగి నాన్నే స్వయంగా తెచ్చాడు, చేతికి దూరంగా పట్టుకుని. గుడ్డంతా ఎర్రగా నానిపోయింది. అదే సంచిలో ఉన్న నాలుగైదు పార్సెళ్ళకు నూనె అంటిందట. నాన్న ముఖంలో అంత బాధ నేను ఎప్పుడూ చూడలేదు. ఉత్తరం అంటే ఆయనకు ఒకరు మరొకరిని నమ్మి అప్పగించిన వస్తువు. ఆ పార్సెళ్ళ మీది నూనెను తానే ఊకతో అద్ది తుడిచి, చెదిరిన చిరునామాలను మళ్ళీ రాసి పంపి, ఆ తరువాతే ఇంటికి వచ్చాడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం నాన్న అత్తగారికి జాబు రాశాడు. నాకు ఆ జాబు గుర్తుంది, ఎందుకంటే పోస్టు డబ్బాలో వేసింది నేనే, వేసే ముందు చదివింది కూడా నేనే. ‘అత్తయ్యగారికి నమస్కారములు. ఇక్కడ మేమందరం క్షేమం. మీరు పంపిన మాగాయ అందినది. మిక్కిలి రుచిగా ఉన్నది.’ తరువాత నాలుగు వాక్యాల్లో, కారినదని ఎక్కడా అనకుండా, నూనె ఉన్న వస్తువు పంపేటప్పుడు డబ్బాను చెక్కపెట్టెలో ఉంచి చుట్టూ ఊకగానీ రంపపు పొట్టుగానీ దట్టంగా కూరితే, ఎప్పుడైనా చుక్క కారినా అదే పీల్చుకుంటుందని, తపాలా నిబంధన కూడా అదేనని రాశాడు. అమ్మమ్మకు అర్థమైంది. ఆ తరువాత వచ్చిన ప్రతి ఊరగాయా ఊకలోనే వచ్చింది. మా వరండాలో ఎప్పుడూ కాస్త ఊక రాలి ఉండేది. పిచ్చుకలు దాన్ని వెతుక్కుంటూ వచ్చేవి.

ఆ మాగాయ గుడ్డ కూడా ఈ పదకొండింటిలో ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ ఎరుపు పోలేదు, లేత కాషాయ రంగుకు దిగి ఆగిపోయింది.

*

మద్రాసు నుంచి అమ్మమ్మకు వెళ్ళేది కాఫీ పొడి.

మాంబళం స్టేషను దారిలో ఒక కొట్టు ఉండేది. పచ్చి గింజలు వేయించి, అక్కడే మర ఆడించి ఇచ్చేవాళ్ళు. ఆ మర తిరుగుతుంటే రోడ్డు చివరిదాకా వాసన. అమ్మ ముప్పాతిక కిలో పీబెర్రీ కాఫీ గింజలకు పావు కిలో చికోరీ కలిపించేది. పొట్లం చేతిలో వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనంతో కట్టకూడదని అమ్మ నియమం. ఇంటికి తెచ్చి, పళ్ళెంలో పోసి, కాగితం కప్పి చల్లారనిచ్చి, ఆ వెంటనే డబ్బాలో అణచి నింపేది. జంతికలు వారం ఆగినా జంతికలుగానే ఉంటాయి. కాఫీ పొడి మాత్రం ప్రతి పూటా కొంత వాసన పోగొట్టుకుంటుంది. అందుకని మర ఆడించిన రోజునే పోస్టాఫీసుకు చేరాలి. నాలుగు గంటల్లోపే పార్సెలు తీసుకునేవాళ్ళు కాబట్టి, ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో భోజనాలు ఆలస్యమయ్యేవి.

అమ్మ మోకాలి మీద డబ్బాను పెట్టుకుని గుడ్డ కుట్టేది. మూలల దగ్గర గుడ్డను లోపలికి మడిచి, రెండు కుట్లు ఒకే చోట వేసేది. అది చూసి నాన్న ‘నువ్వు కుట్టినదాన్ని విప్పాలంటే మీ అమ్మకు ఒక పూట పడుతుంది’ అనేవాడు. లక్క కరిగించే పని నాది. కొవ్వొత్తి మంట మీద లక్క కడ్డీ పట్టుకుంటే మొదట మెరుస్తుంది, తరువాత ఉబ్బుతుంది, బొట్టు జారబోయే ముందే కుట్టు మీదికి తీసుకెళ్ళాలి. పడ్డ వెంటనే ఇత్తడి ముద్ర అద్దాలి. ఆలస్యం చేస్తే అచ్చు పడదు, తొందరపడితే ముద్రకు లక్క అంటుకుని వచ్చేస్తుంది. నా కుడి చేతి చూపుడు వేలి మీద అప్పటి లక్క చుక్క మచ్చ ఇప్పటికీ ఉంది.

అమ్మమ్మ ఆ కాఫీ డబ్బా తెరిచే రోజున వీధిలో నలుగురిని పిలిచేదట. ‘మా అమ్మాయి మద్రాసు నుంచి పంపింది’ అని అందరికీ తలా ఒక గ్లాసు. ఆ గుడ్డను ఆమె ఉతికేది కాదు. అందులోనే మాకు తిరిగి జంతికలు పంపేది. ఎన్నోసార్లు మేము జంతికల్లో కాఫీ వాసన తిన్నాం.

*

1977 నవంబరు. అంతకు వారం ముందే నాగపట్నం వైపు తుఫాను వచ్చి వెళ్ళింది. ఇక గండం గడిచిందని మద్రాసులో అందరూ అనుకుంటూ ఉండగా, 19వ తేదీ శనివారం దివిసీమ మీద ఉప్పెన పడింది. కృష్ణా, గుంటూరు జిల్లాల తీరం తుడిచిపెట్టుకుపోయింది. వేలాది మంది పోయారు. ఆ సంఖ్య రేడియోలో రోజురోజుకూ పెరిగేది. అమ్మ వార్తల వేళకు రేడియో ముందు కూర్చునేది, అవి అయిపోయాక కూడా అక్కడే కూర్చుని ఉండేది.

అమ్మమ్మ ఊరు సముద్రానికి కొంత ఎడంగానే ఉంటుంది. కానీ అటునుంచి ఒక్క కబురు లేదు. రైళ్ళు నిలిచిపోయాయి, తంతి తీగలు తెగిపోయాయి. నాన్న ఇచ్చిన టెలిగ్రాంకు జవాబు రాలేదు. నాన్న డ్యూటీలో ఉన్నంతసేపూ బెజవాడ వైపు నుంచి వచ్చే మెయిలు మనుషుల కోసం చూసేవాడు. దారి తెరుచుకున్నాక మొదట వచ్చినవాళ్ళు తెనాలి దాకా చెట్లన్నీ ఒకే వైపుకు పడి ఉన్నాయని మాత్రం చెప్పగలిగారు. పల్లెల సంగతి వాళ్ళకు తెలియదు. సెలవు దొరకగానే నాన్న ప్రయాణానికి టిక్కెట్టు తీసుకున్నాడు.

బయలుదేరవలసిన రోజు పొద్దున వీధిలో సైకిలు గంట ఆగకుండా మోగింది.

మాస్టారి అక్షరాలే. అమ్మ చేతులు వణుకుతున్నాయి. నాన్న ముందుగా తపాలా ముద్ర చూశాడు, వెలుతురులోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు. గుడ్డ ఎక్కడో తడిసినట్టుంది, తేదీ అలుక్కుపోయింది. ఉప్పెనకు ముందు వేసిన పార్సెలు ఎక్కడో చిక్కుకుని ఇప్పుడు వచ్చి ఉండవచ్చు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, కానీ పన్నెండు రోజుల తరువాత వచ్చిన పార్సెలు చూసి అందరి మనసులోనూ అదే ఉంది.

అమ్మ కుట్లు విప్పింది. ఆ రోజు కూడా కత్తెర తీసుకోలేదు. లోపల పాత డబ్బా, సగమే నిండి ఉంది. జంతికలు. అమ్మ ఒకటి తీసి విరిచింది. ఫట్‌మని విరిగింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కొద్దిగా నమిలి, మళ్ళీ వాసన చూసింది. నాకూ ఇచ్చింది. నాకు నచ్చలేదు. ముక్కిపోయిన బియ్యం వాసన, పాత గోడ తడిసినప్పుడు వచ్చే వాసన.

‘ఏమండీ, ఇవి తడిసి ఆరిన బియ్యం’ అంది అమ్మ. ‘మా అమ్మ పిండికి ఎప్పుడూ ఇలాంటి బియ్యం ముట్టుకోదు. గాదె తడిసింది. గాలివాన తరువాత ఎండబెట్టి దంచిన పిండి ఇది.’

నాన్న కాసేపు ఆగి, ‘మీ అన్నయ్యా వదినా చేయించి పంపారేమో’ అని మెల్లగా అన్నాడు.

అమ్మ ఇంకో జంతిక తీసి ఆయన అరచేతిలో పెట్టింది. మూడు చుట్లు చుట్టి, కొసను లోపలి చుట్టు కిందికి మడిచి, వేలితో ఒక నొక్కు నొక్కిన జంతిక. మా వాళ్ళలో అలా మడిచేది అమ్మమ్మ ఒక్కతే. మా అత్తయ్య కొసను బయటికి వదిలేస్తుంది, అమ్మ కూడా అంతే. ఆ నొక్కు మీద వేలి గుర్తు నూనెలో వేగి అలాగే నిలిచి ఉంది. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. తరువాత గోడకు ఆనుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. అమ్మ అప్పుడు ఏడ్చింది. పన్నెండు రోజుల్లో మొదటిసారి.

ఆ ముక్క వాసన జంతికలను మేము ఒక్కటి కూడా మిగల్చలేదు. మామి తన వాటా తిని, డబ్బా అడుగున ఉన్న పొడిని కూడా కొంగులో వేసుకుని వెళ్ళింది.

ఉత్తరం రెండు రోజుల తరువాత వచ్చింది. పైకప్పు ఎగిరిపోయిందని, ఒక గేదె పోయిందని, మనుషులందరూ క్షేమమని. సంక్రాంతికి మేము వెళ్ళినప్పుడు, ఆ కష్టంలో జంతికలు ఎందుకు చేశావమ్మా అని అమ్మ అడిగింది. ‘ఉత్తరమైతే మాస్టారు రాస్తాడు. నేనున్నానని నీకెలా తెలుస్తుంది?’ అంది అమ్మమ్మ.

*

అమ్మమ్మ పోయాక అత్తయ్య రెండు మూడేళ్ళు పంపింది. ఆమెకూ వయసు మీద పడింది. తరువాత మా మామయ్య పిల్లలు హైదరాబాదు వెళ్ళిపోయారు. చివరగా వచ్చిన పార్సెలు అరిసెలు. ఆ గుడ్డను అమ్మ ఎప్పటిలాగే విప్పి, ఉతికి, మడత పెట్టింది. దానికి ఒకవైపే చిరునామా ఉంది, మాది. రెండో వైపు తెల్లగా ఉంది. తిరుగు పార్సెలు మా వంతు. అది ఈ పదకొండింటిలో అన్నిటికన్నా పైన ఉంది.

నేను ఉద్యోగానికి ఢిల్లీ వెళ్ళిన నాలుగేళ్ళూ అమ్మ నాకు పంపింది. అమ్మమ్మ తెనాలి లెక్క ఆమెకు తెలుసు గానీ ఢిల్లీ లెక్క కొత్త. మొదటి చలికాలంలో సున్నుండలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. అలా రాస్తే, ‘తినబోయే ముందు కాసేపు ఎండలో పెట్టు’ అని జవాబు వచ్చింది. కరోల్ బాగ్‌లో నా గది ముందున్న డాబా పిట్టగోడ మీద పళ్ళెం పెట్టుకుని, జనవరి ఎండలో నెయ్యి కరిగేదాకా కాపలా కూర్చునేదాన్ని. వాసనకు పక్క గది అమ్మాయిలు వచ్చి పక్కన కూర్చునేవాళ్ళు. వాళ్ళలో ఒకరిది లక్నో, ఒకరిది కొట్టాయం. అప్పటికి స్పీడ్ పోస్టు వచ్చింది. అమ్మకు దాని మీద గురి కుదరడానికి ఏడాది పట్టింది. ఒకసారి రెండో రోజునే నాకు పార్సెలు అందితే, ‘అంత త్వరగా ఎలా వస్తుంది, ఎవరైనా తెరిచారేమో చూసుకో’ అని రాసింది.

*

పోయినేడు ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. ఈ ఏడు సంవత్సరీకం అయ్యాక, ఆ పెట్టె దింపిన వారంలోనే, కోయంబేడు మార్కెట్టుకు వెళ్ళి మామిడికాయలు తెచ్చాను. అక్కడే పెద్ద కత్తిపీట మీద టెంకతో సహా కొట్టించాను. ఇంటికి తెచ్చి ఒక్కొక్క ముక్కలో జీడి తీసి, టెంక లోపలి పొరను గోటితో లాగి, పొడి గుడ్డతో తుడిచాను. అమ్మ దగ్గర కూర్చుని తుడిచినంత త్వరగా కాలేదు. పోయిన ఏడాదికి ముందు వరకూ ఆ పని అమ్మదే. ఎనభై దాటాక కూడా కారం కలిపే చేయి ఆమెదే, నేను గిన్నె పట్టుకునేదాన్ని.

మా అమ్మాయి పూణేలో ఉంటుంది. దానికి పంపాలని ఒక సీసా విడిగా తీశాను. ఊక కోసం నాలుగు చోట్ల అడిగాను, దొరకలేదు. పళ్ళ బుట్టల్లో వేసే వరిగడ్డి ఒక కొట్టతను ఇచ్చాడు. సీసాను అట్టపెట్టెలో పెట్టి గడ్డి కూరి, పైన పాత గుడ్డల్లో ఒకటి చుట్టి కుట్టాను. రెండు వైపులా చిరునామాలు ఉన్నదే తీసుకున్నాను. తెల్ల వైపు ఉన్న గుడ్డను ముట్టుకోలేదు. దబ్బనం బెజ్జంలో అమ్మ వదిలేసిన పురికొస సగం కుట్టు దాకా సరిపోయింది. మిగతాది కొత్త దారంతో వేశాను.

కొరియరు అబ్బాయి వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మాస్టారి అక్షరాల మీద వేలు పెట్టి, ‘ఏ అడ్రసుకు పంపాలి మేడమ్?’ అని అడిగాడు. పూణే చిరునామా ఉన్న కాగితం చూపించాను. తూచి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి, కాగితం అంటించి తీసుకెళ్ళాడు. అది మంగళవారం మధ్యాహ్నం. ఆవకాయ కలిపింది ఆ పొద్దుటే.

బుధవారం రాత్రి అమ్మాయి ఫోను చేసింది.

‘అమ్మా, వచ్చేసింది. ఈ గుడ్డ ఎక్కడిది? దీని మీద తాతయ్య పేరుంది.’

‘ఉంటుంది. దాన్ని పారేయకు. కుట్లు కోశావా?’

‘కోయలేదు, విప్పాను. మూత తీస్తున్నాను, అన్నం కూడా పెట్టుకున్నాను.’

‘ఆగు, తీయకు. అది ఇంకా రెండో రోజులోనే ఉంది. రేపు పొద్దున స్నానం చేసి, తడి లేని గరిటెతో అడుగు నుంచి కలుపు. ఉప్పు చూడు. చూసి నాకు చెప్పు.’